గంటంపావు విమానం, ఏడు గంటల ప్రయాణం

కోనసీమ పల్లెల నుంచి చాలామంది ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ వెళుతుంటారు. అమలాపురం దగ్గర ఒక అక్క అలాగే అప్పు చేసి బయలుదేరింది అనుకుందాం. ఆమె ముందు రాజమండ్రిలో విమానం ఎక్కాలి. హైదరాబాదులో దిగి, కువైట్ విమానం ఎక్కాలి.

టికెట్టు వచ్చింది. బాబాయి చూశాడు.

"నాలుగూ నలభైకి విమానం. ఒంటిగంటకు కారెక్కితే చాలు" అన్నాడు.

చెల్లి టికెట్టు అందుకుంది. ఆమె రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. కూడబలుక్కుని చదివింది.

"కాదు బాబాయ్. ఇక్కడ 4:40 లేదు. 14:40 ఉంది" అంది.

విమానం టికెట్టు మీద రోజుకు 24 గంటల లెక్క. మధ్యాహ్నం 12 దాటాక 13, 14, 15 అని వేస్తారు. అందులోంచి 12 తీసేయాలి. 14 లోంచి 12 తీస్తే 2. అంటే విమానం మధ్యాహ్నం 2:40కే. ఒంటిగంటకు బయలుదేరితే చేరేసరికి మూడున్నర అవుతుంది. అప్పటికి విమానం వెళ్లిపోతుంది. టికెట్టు డబ్బు పోతుంది. కువైట్ విమానం కూడా అందకపోవచ్చు.

ఎంత దూరం? ఎంతసేపు?

రాజమండ్రి విమానాశ్రయం మధురపూడిలో ఉంది. హైదరాబాదు విమానాశ్రయం శంషాబాదులో ఉంది. విజయవాడ మీదుగా రోడ్డున వెళితే రాజమండ్రి నుంచి హైదరాబాదు దాదాపు 430 కిలోమీటర్లు. విమానానికి వంపులు లేవు, ఊళ్లు అడ్డం లేవు. తిన్నగా పోతుంది. అందుకే దానికి దాదాపు 360 కిలోమీటర్లే.

రెక్కలకు పంకాలుండే చిన్న విమానం గంటకు దాదాపు 500 కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన ముప్పావుగంట చాలాలి. కానీ టికెట్టు మీద గంటంపావు ఉంది. ఎందుకని? విమానం నేల మీద మెల్లగా నడవాలి. పైకి ఎక్కాలి. వేగం తగ్గించుకుంటూ కిందికి దిగాలి. ఆ టైమంతా కలిపి వేస్తారు.

ఇల్లు ఎప్పుడు కదలాలి?

చెల్లి వెనక నుంచి లెక్క కట్టింది.

విమానం బయలుదేరేది మధ్యాహ్నం 2:40కి. సామాను తీసుకునే కౌంటరు గంట ముందే మూసేస్తారు. ఆ తర్వాత వెళ్తే ఎంత బతిమాలినా ఎక్కనివ్వరు. అందుకని రెండు గంటల ముందు, 12:40కి అక్కడ ఉండాలి.

అమలాపురం నుంచి మధురపూడి దాదాపు 80 కిలోమీటర్లు. కారులో రెండున్నర గంటలు వేసుకోవాలి. అంటే 10:10కి కదలాలి. దారిలో టైరు పంక్చరైతే? రావులపాలెం దగ్గర బళ్లు ఆగిపోతే? దానికో అరగంట. ఉదయం 9:40కి ఇల్లు కదలాలి.

విమానం 15:55కి, అంటే 3:55కి హైదరాబాదులో దిగుతుంది. సామాను తీసుకుని బయటికి వచ్చేసరికి 4:25 అవుతుంది. ఇంటి నుంచి చూస్తే మొత్తం ఆరూముప్పావు గంటలు. అందులో విమానంలో గడిపేది గంటంపావే.

బాబాయి కారు డ్రైవరుకు మళ్లీ కబురు పెట్టాడు. "తొమ్మిదిన్నరకల్లా వాకిట్లో ఉండాలి" అన్నాడు.

మీరు చెప్పండి

అక్క కువైట్ విమానం 20:30కి. అంటే రాత్రి ఎన్ని గంటలకు? వేరే దేశం వెళ్లే విమానానికి మూడు గంటల ముందు ఉండాలి. మరి అక్క ఎన్నింటికి అక్కడ ఉండాలి? ఆమెకు టైము సరిపోతుందా?