మీకు తెలుసా? డెబ్బై దాటాక హామ్లెట్ వేషం కట్టిన నటి

జూడిత్ ఆండర్సన్ 1897లో దక్షిణ ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పుట్టింది. అసలు పేరు ఫ్రాన్సెస్ మార్గరెట్. 1915లో సిడ్నీలో రంగస్థలం ఎక్కి, మూడేళ్లకే అమెరికా చేరింది. అక్కడ మొదట్లో అవకాశాలు అంతంతమాత్రమే. 1924లో ‘కోబ్రా’ నాటకంతో బ్రాడ్‌వేలో పేరొచ్చింది.

సినిమా ప్రేక్షకులకు మాత్రం ఆమె అంటే హిచ్‌కాక్ ‘రెబెక్కా’ (1940)లోని మిసెస్ డాన్వర్స్. ఆ ఇంటిపెత్తనం చేసే మనిషి నడిచి రావడం తెరపై అరుదుగా కనిపిస్తుంది. తలతిప్పేసరికి పక్కనే నిలబడి ఉంటుంది. చనిపోయిన యజమానురాలి గదిలో, ఆమె బొచ్చుకోటు చేతిని కొత్త పెళ్లికూతురి చెంపకు ఆనించే దృశ్యంలో గొంతు పెంచదు, కన్నెర్ర చేయదు. అయినా చూసేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ పాత్రకు ఆస్కార్ నామినేషన్ దక్కింది, అవార్డు దక్కలేదు.

ఆమె అసలు బలం నాటకమే. కవి రాబిన్సన్ జెఫర్స్ తిరగరాసిన గ్రీకు నాటకం ‘మెడియా’ (1947)కు టోనీ అవార్డు వచ్చింది. లేడీ మాక్‌బెత్‌గా టీవీలో రెండుసార్లు ఎమ్మీ గెలిచింది. 1960లో ‘డేమ్’ బిరుదు అందుకుంది.

1970లో, 73 ఏళ్ల వయసులో, హామ్లెట్‌గా నటించింది. యువరాజు పాత్రకు అది సాహసమే, విమర్శకులు పెద్దగా మెచ్చలేదు కూడా. 1984లో ‘స్టార్ ట్రెక్’ మూడో చిత్రంలో వల్కన్ పూజారిణిగా కనిపించింది. అదే ఏడు ‘శాంటా బార్బరా’ అనే టీవీ సీరియల్‌లో చేరింది. ఆ సీరియల్‌కు పేరిచ్చిన కాలిఫోర్నియా ఊళ్లోనే 1992 జనవరిలో, 94 ఏళ్ల వయసులో కన్నుమూసింది.