కూరగాయలకు ఎత్తుమళ్లు

వర్షాకాలమున మన పల్లెలలో ఆకుకూర దొరకుట కష్టము. నల్లరేగడి నేలలలో చల్లిన తోటకూర మొలచిన వారమునకే కుళ్లి పడిపోవుచుండును. వెంటనే మందు కొనుటకు పరుగెత్తువారు కలరు. కాని పెక్కుచోట్ల మూలకారణము మడిలో నిలిచిన వాననీరే. నీరు నిలిచిన వేళ్లకు గాలి అందదు. నారుకుళ్లు తెగులు అట్టి తేమలోనే విజృంభించును. నిలువనీటిని తొలగించుటకే ఎత్తుమడి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఆకుకూర ఒక్కటియే దీనికి చికిత్స కాదు. అయినను అంగన్‌వాడీ ఆవరణలో అయిదారు మళ్లున్నచో పిల్లల పళ్లెములోనికి తాజాకూర వచ్చును. వ్యవసాయము, స్త్రీ శిశు అభివృద్ధి రెండును రాజ్యాంగము 11వ షెడ్యూలులో పంచాయతీలకు చెప్పిన 29 విషయములలోనివే.

మడి వెడల్పు 3 అడుగులకు మించరాదు. ఇరువైపులనుండి చేయి నడిమికి అందవలెను; లోపల కాలు పెట్టినచో మట్టి గట్టిపడి పడిన శ్రమ వృథాయగును. పొడవు 10 అడుగులు చాలును. మళ్ల నడుమ అడుగున్నర దారి విడిచి, ఆ దారిలోని పైమట్టినే తీసి మడిపై వేసినచో మడి 6 నుండి 9 అంగుళములు లేచును, దారియే కాలువయగును. ఆ కాలువ నీరు ఎచటికి పోవునో ముందే చూచుకొనవలెను. గోడవద్ద ఆగిన కాలువవలన ప్రయోజనము లేదు. దానిని అరటి పాదులకు మరల్చుట మేలు. కొందరు మడిచుట్టు ఇటుకలు కట్టింప అంచనాలు వేయింతురు. అది అనవసరపు ఖర్చు. పార, గడ్డపార, తట్ట ఉన్న చాలును.

పచ్చిపేడ వేసినచో వేరుపురుగు, చెదలు చేరును. బాగుగ చివికిన ఎరువు గుప్పిట పట్టిన పొడిపొడిగ రాలును; పేడవాసన రాదు; కుప్పలో చేయి పెట్టిన వేడి తగులదు. మడికి రెండు తట్టల ఎరువు, అరకిలో వేపపిండి పైమట్టిలో కలుపవలెను. పంచాయతీ కంపోస్టు వాడదలచినచో అది వేరుచేసిన తడిచెత్తతో తయారైనదై యుండవలెను. గాజుపెంకులు, బ్యాటరీలు కలిసిన వీధిచెత్త పిల్లలు తినెడి కూరల మడికి రానీయరాదు.

తోటకూర విత్తనము మిక్కిలి సన్నము. ఇసుకలో కలిపి పలుచగ చల్లవలెను. సుమారు నెలకు కోతకు వచ్చును. అన్ని మళ్లు ఒకేనాడు చల్లక వారమునకొకటి చొప్పున చల్లినచో కూర వరుసగ అందును.

అన్ని ఊళ్లకు ఒకే పద్ధతి పనికిరాదు. ఎర్ర ఇసుకనేలలలో ఎత్తుమడి త్వరగ ఎండిపోవును. అనంతపురమువంటి వానలు తక్కువైన తావులలో వేసవియందు పల్లపుమడియే మంచిది.

సెలవుదినములలో నీరు పోయువారెవరో, మేకలు చొరకుండ ముళ్లకంప వేయించువారెవరో, విత్తనము చల్లకముందే పంచాయతీ సమావేశమున పేరుపేరున నిర్ణయించి తీర్మానముల పుస్తకమున వ్రాయింపవలెను.