గుడారములో వెచ్చని నిద్ర

శీతకాలపు సెలవులలో పిల్లలు స్కౌటు శిబిరములకు బయలుదేరునపుడు తల్లులకు కలుగు మొదటి చింత చలిని గూర్చియే. ఇంటనున్న దుప్పట్లన్నియు మూటగట్టి పంపుదురు. పిల్లవాడు వాటినన్నింటిని పైన కప్పుకొని, క్రింద చాప మాత్రము పరచుకొని, తెల్లవార్లు వణకుచునే యుండును. ఇట్లేల జరుగును?

కంబళి వేడిని పుట్టింపదు. వేడిని పుట్టించునది మన శరీరము. కంబళి యందలి ఉన్ని సందులలో చిక్కుకొన్న కదలని గాలి ఆ వేడిని పోనీయక నిలుపును. మనము దేనిపై పరుండుదుమో అది మన బరువునకు అణగి, అందలి గాలి వెలికి పోవును. అప్పుడు చల్లని నేల రాత్రి యంతయు మన వేడిని పీల్చుకొనుచుండును. కాబట్టి కంబళ్లు రెండే యున్నచో ఒకదానిని మడిచి క్రింద వేసికొనుడని మేము చెప్పుదుము. దాని యడుగున జానెడు మందమున ఎండిన వరిగడ్డియు, గడ్డి క్రింద నేలతేమ రాకుండ టార్పాలిన్ గుడ్డయు నున్నచో మరింత మేలు. అంగళ్లలో స్లీపింగు బ్యాగులు దొరకును, అవి మంచివే. కాని వాటి క్రిందను గడ్డి కావలసినదే!

మన ఒడిశాలోని కొండలన్నింటికన్న ఎత్తయిన దేవమాలి, కొరాపుట్ జిల్లాలో, 1672 మీటర్ల యెత్తున నున్నది. ప్రతి 1000 మీటర్లకు ఉష్ణము సగటున 6 డిగ్రీలకు పైగా తగ్గును. బరంపురమున చాలిన దుప్పటి అచట చాలదు. మబ్బులేని రాత్రులలో నేల త్వరగా చల్లబడును. చల్లని గాలి బరువైనది గనుక నీటివలెనే పల్లమునకు జారి నిలుచును. వాగు గట్టున గుడారము వేయుట వంటకు సౌకర్యమే గాని నిద్రకు కాదు. కొంత మెరకన వేయవలెను.

గుడారమును బొత్తిగా బిగించరాదు. ఊపిరిలోని ఆవిరి చల్లని గుడ్డకు తగిలి నీరై పక్కలపై కారును. పైభాగమున కొంచెము సందు విడువవలెను.

ఇంతకన్న ముఖ్యమైన దొకటి తల్లిదండ్రులతో చెప్పవలసి యున్నది. బొగ్గుల కుంపటిని గుడారములోనికి ఎన్నడును తేనీయరాదు. నివురుగప్పిన బొగ్గులనుండియు కార్బన్ మోనాక్సైడు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కన్న 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. నిద్రించువాడు మేల్కొనకయే మరణింపవచ్చును. సందు విడిచినంత మాత్రమున ఈ అపాయము తొలగదు. చలి కాచుకొనదలచినవారు వెలుపల నెగడు వేసికొని, వేడి చోడిజావ త్రాగి, చెమటబట్టలు విప్పి పొడిబట్టలు కట్టి, తలకు ఉన్నిటోపీ పెట్టుకొని పరుండవలెను.

తెల్లవారిన పిమ్మట కంబళ్లను వెంటనే చుట్టిపెట్టక, ఎండలో ఆరవేసి, పూర్తిగా పొడియైన తరువాతనే మడువవలెను.