వానకాలమున బాస్ గిటారు శ్రుతి తప్పుటేల?

భద్రాచలపు అడవి అంచున వానకాలములో గాలియందు తేమ హెచ్చుగా నుండును. ఆ సంగతి వాద్యములు వెంటనే చెప్పివేయును. మణుగూరు మండలము కూనవరమునకు చెందిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యగారు డోలి వాయించుచు సమ్మక్క–సారలమ్మల గాథలు పాడి 2022లో పద్మశ్రీ పొందిరి, 2024లో కీర్తిశేషులైరి. అట్టి వాద్యములపై చర్మము తేమకు సడలును. సడలిన చర్మము మెల్లగా కంపించును గనుక ధ్వని దిగిపోవును. డప్పును మంటకు కాచుట అందుకొరకే.

పాటకచ్చేరీలలో వాడు బాస్ గిటారునకును ఈ బాధ కలదు. కాని దీనిని మంటకు కాచరాదు. ఇచట దోషము కొయ్యయందున్నది.

1951లో అమెరికాలో లియో ఫెండర్ ప్రచారమునకు తెచ్చిన ఈ వాద్యమునకు సాధారణముగా నాలుగు తీగలుండును. కంపించు భాగము పొడవు సుమారు 34 అంగుళములు. మిక్కిలి లావైన తీగ సెకనుకు సుమారు 41 మారులు కంపించును. నాలుగు తీగలును కలిసి దండిని సుమారు 75 కిలోల బరువంత బలముతో లాగుచుండును. ఆ లాగుడుకు ఎదురొడ్డుటకై దండి లోపల ఒక ఉక్కు కడ్డీ నుంచెదరు. తేమ పీల్చిన కొయ్య నారకు అడ్డముగా ఉబ్బును. దండియు, దానిపై అతికిన మెట్ల పలకయు సమముగా ఉబ్బవు గనుక దండి వంగును.

వంపును కనుగొనుట సులభము. లావు తీగను మొదటి మెట్టుపైనను, చివరి మెట్టుపైనను ఒకేసారి అదుముడు. బిగిసిన తీగయే మనకు కొలబద్ద. నడిమి మెట్టునకును తీగకును మధ్య ఒక పోస్టుకార్డు దూరునంత సందు ఉండవలెను. సందు ఎక్కువైన కడ్డీ మరను బిగించవలెను. లేకున్న వదులు చేయవలెను. ఒక్కసారికి పావు చుట్టును మించరాదు.

అటుపిమ్మట శ్రుతి. తీగ పొడవు సగమైనచో కంపనములు రెట్టింపగును. కావున 12వ మెట్టుపై 41కి బదులు 82 రావలెను. కాని అదిమినపుడు తీగ మరికొంత బిగియుటచే స్వరము కొంచెము హెచ్చును. వీణయందు ఇట్టి దోషమును మైనపు మేళముపై మెట్లను జరిపి సరిచేయుదురు. గిటారు మెట్లు కొయ్యలో పాతుకొని యుండును. అందుచే గుర్రముపైనున్న మరను త్రిప్పి తీగ ఆనుచోటునే జరుపవలెను. స్వరము హెచ్చిన వెనుకకును, తగ్గిన ముందుకును జరుపుట విధి.

ఈ వరుస తప్పరాదు. దండి వంగియుండగా గుర్రమును సరిచేసినచో, దండిని నిలిపిన మరునిమిషమే శ్రుతి మరల చెడును. బలవంతముగా మర త్రిప్పినచో కడ్డీ తెగి, దండియే పనికిరాకుండ పోవచ్చును. తరగతిలో సోనామీటరుపై తీగ పొడవు మార్చి, బరువులు మార్చి చూపిన ఉపాధ్యాయుడు ఈ మరమ్మతులోని సూత్రమంతయు నేర్పినవాడే యగును. కారణము నెరిగి మర త్రిప్పినవాని చేతిలో వాద్యము చెడదు.