దురదకు చైనా సూది: ఎంతవరకు మేలు?

ఒళ్లు దురద పెడుతుంటే నమాజులో మనసు నిలవదు. రాత్రి కంటికి కునుకు రాదు. ఎగ్జిమా ఉన్న బిడ్డను పెంచే తల్లికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనుక చర్మం ఎర్రబడి, పొడిబారి, పొలుసులు లేస్తుంది. గోకిన కొద్దీ దురద పెరుగుతుంది. గజ్జిలా ఇది ఒకరి నుంచి మరొకరికి అంటుకోదు. అయినా అలాంటి పిల్లలను దూరంగా కూర్చోబెట్టేవారు, ఆ కారణంగా పెళ్లి సంబంధాలు కాదనేవారు మన మధ్య ఉన్నారు.

దురద బాధను ఇస్లాం చిన్న విషయంగా చూడలేదు. పురుషులకు పట్టు వస్త్రాలు నిషిద్ధం. కాని అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి), జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) గార్లు దురదతో బాధపడినప్పుడు పట్టు చొక్కా తొడుక్కోవడానికి దైవప్రవక్త (సఅసం) వారికి అనుమతినిచ్చారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. జబ్బు చేస్తే వైద్యం చేయించుకోమన్నది కూడా ఆయన ఆదేశమే. కనుక చికిత్స వెతుక్కోవడం దైవంపై భరోసాకు విరుద్ధం కాదు.

పూత మందులతో విసిగిన కొన్ని కుటుంబాలు ఆక్యుపంక్చర్ వైపు చూస్తున్నాయి. సన్నని సూదులను శరీరంలోని నిర్ణీత స్థానాల్లో గుచ్చే ఈ ప్రాచీన చైనా వైద్యాన్ని 1959లో డాక్టర్ బిజయ్ కుమార్ బసు కలకత్తాలో ప్రారంభించారు. 2019లో కేంద్ర ప్రభుత్వం దీన్ని స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తించింది.

చర్మపు దురదకు ముఖ్యంగా రెండు స్థానాలు వాడతారు. ఒకటి మోచేయి మడిచినప్పుడు మడత బయటి కొన దగ్గర ఉంటుంది. రెండోది మోకాలి చిప్పకు కాస్త పైన, తొడ లోపలి వైపున ఉంటుంది. 2010లో జర్మనీలోని మ్యూనిక్ వైద్యులు ఈ పద్ధతిని 30 మంది ఎగ్జిమా రోగులపై పరీక్షించారు. అలర్జీ పదార్థంతో దురద పుట్టించి చూడగా, సంబంధం లేని చోట గుచ్చినప్పటి కంటే సరైన స్థానాల్లో గుచ్చినప్పుడు దురద తక్కువగా ఉంది.

అయితే దురద తగ్గడం వేరు, జబ్బు నయం కావడం వేరు. ఆ పరీక్షలో చూసింది కొద్దిసేపటి దురదనే. చాలామంది రోగుల్లో చర్మపు రక్షణ పొర పుట్టుకతోనే బలహీనంగా ఉంటుంది. దీనికి కారణమైన ఒక జన్యులోపాన్ని 2006లో స్కాట్లాండ్‌లోని డండీ పరిశోధకులు గుర్తించారు. ఆ లోపాన్ని సూది సరిచేయలేదు. రోజూ తేమ నిలిపే లేపనం రాయడం, డాక్టరు ఇచ్చిన పూత మందు వాడడం తప్పవు. సూదిని వాటికి తోడుగా పెట్టుకోవచ్చు గాని, బదులుగా కాదు. మందులన్నీ మానేయమనే చోటికి వెళ్లకపోవడమే మంచిది.

వెళ్లదలచినవారు ముందు చర్మవైద్యుణ్ణి సంప్రదించాలి. ప్రతి రోగికి కొత్త సూదులే వాడాలని గట్టిగా అడగాలి. ఒకరికి గుచ్చినవి మరొకరికి గుచ్చితే హెపటైటిస్ వంటి జబ్బులు సోకుతాయి. చీము పట్టిన, రసి కారే చోట సూది పెట్టించుకోకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. మోకాలి పైభాగం చూపవలసి వస్తుంది కనుక స్త్రీలు మహిళా వైద్యురాలిని కోరడంలో తప్పు లేదు.

ఇక వుజూ సంగతి. గోరువెచ్చని నీళ్లు వాడి, మెత్తని గుడ్డతో అద్దుకుని, వెంటనే లేపనం రాసుకోవాలి. అవయవాలను ఒక్కసారి పూర్తిగా కడిగినా వుజూ నెరవేరుతుంది. నీరు తగిలితే హాని కలుగుతుందని వైద్యుడు చెబితే తయమ్ముమ్ సౌలభ్యం ఉంది. దాని వివరాలు ఆలిములను అడిగి తెలుసుకోవాలి.

స్వస్థత నిచ్చేవాడు అల్లాహ్. సూదైనా, మందైనా ఆయన కల్పించిన సాధనాలే. వాటిని వివేకంతో వాడుకుందాం. జబ్బుతో ఉన్న బిడ్డను మాత్రం అందరితోపాటు ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చోబెట్టుకుందాం.