టెక్స్ట్ ఫైలా? బైనరీ ఫైలా?

గత భాగంలో ఫైలును తెరవడం, చదవడం, మూయడం నేర్చుకున్నారు. ఒక ఫైలు ఏ రకానికి చెందినదో సి ప్రోగ్రామ్‌తో ఎలా తెలుసుకోవాలో ఇప్పుడు చూద్దాం.

ముందుగా ఒక విషయం గుర్తుంచుకోండి. ఏ ఫైలైనా బైట్ల వరుసే. ప్రతి బైటు విలువ 0 నుంచి 255 వరకు ఉంటుంది. "ఇది టెక్స్ట్", "ఇది బైనరీ" అని సి భాషకు ఎవరూ చెప్పరు. ఫైలు పేరు చివరి అక్షరాలను ఎవరైనా మార్చవచ్చు. కాబట్టి లోపలి బైట్లను చూసి అంచనా వేయాలి.

చాలామంది మొదట రాసే పరీక్ష ఇది: 127 కంటే పెద్ద విలువ కనిపిస్తే అది బైనరీ. ఆస్కీ పట్టికలోని ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు 127 లోపే ఉంటాయి కనుక ఇది సరైనదే అనిపిస్తుంది.

ఉదాహరణ చూడండి. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో ఆవపల్లి అనే ఊరుంది. ఆ ఊరివారి పేర్ల జాబితాను మీరు తెలుగులో ఒక ఫైలులో రాశారనుకోండి. "ఆవపల్లి" అనే మాటలో యూనికోడ్ ప్రకారం 7 సంకేతాలున్నాయి: ఆ, వ, ప, ల, పొల్లు, ల, గుడి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, మొత్తం 21 బైట్లు. "ఆ" ఒక్కటే 224, 176, 134 అవుతుంది. 21 బైట్లూ 127 దాటినవే! మీ ప్రోగ్రామ్ ఆ జాబితాను బైనరీ అని పక్కన పెడుతుంది. అందులో ఒక్కరి పేరూ లెక్కకు రాదు. తప్పు జాబితాది కాదు, పరీక్షది.

ఇంతకంటే మంచి పద్ధతి:

1. ఫైలును "ఆర్‌బి" విధంలో తెరవండి. విండోస్‌లో టెక్స్ట్ విధంలో తెరిస్తే 13, 10 అనే జంట ఒకే 10గా మారుతుంది. అసలు బైట్లు మీకు కనిపించవు.

2. ఎఫ్‌రీడ్‌తో మొదటి కొన్ని వేల బైట్లను అన్‌సైన్డ్ క్యారెక్టర్ శ్రేణిలోకి చదవండి.

3. వాటిలో విలువ 0 ఉన్న బైటు కోసం వెతకండి. ఉంటే బైనరీ, లేకుంటే టెక్స్ట్ అనుకోండి.

గిట్ అనే ప్రసిద్ధ ప్రోగ్రామ్ కూడా మొదటి 8000 బైట్లలో 0 కోసమే చూస్తుంది.

గమనిక: ఇది అంచనా మాత్రమే. యూటీఎఫ్-16లో రాసిన తెలుగు ఫైలులో ప్రతి ఖాళీకీ ఒక 0 బైటు వస్తుంది. అందుకే మొదటి రెండు బైట్లు 255, 254 గాని, 254, 255 గాని అయితే, 0 కోసం వెతకకుండానే టెక్స్ట్‌గా తీసుకోండి.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. "బస్తర్" అనే మాటకు యూటీఎఫ్-8లో ఎన్ని బైట్లు కావాలి?
2. 127 పరీక్ష తెలుగు ఫైలుకు ఎందుకు పనికిరాదు?

జవాబులు: 1. 6 సంకేతాలు, 18 బైట్లు. 2. తెలుగు సంకేతాల బైట్లన్నీ 127 కంటే పెద్దవి కనుక.