బరువు నీళ్ళది, బలం పిండిది

బాలలూ! సెలవుల్లో మీ స్కౌటు దళం కొండ ఎక్కడానికి బయలుదేరిందనుకోండి. రెండు రాత్రులు గుడారాల్లో మకాం. ఎండ ముదరక ముందే, తెల్లవారి ఆరు గంటలకల్లా నడక మొదలుపెట్టాలి. రిజర్వు అడవి కనుక నిప్పు రాజెయ్యకూడదు. ఇడ్లీ పాత్ర, రుబ్బిన పిండి వీపున మోసుకుపోలేం గదా! మరి ఉదయం పూట ఏం తినాలి?

“ఒక్క పూట తినకపోతే ఏమవుతుంది మాస్టారూ?” అని మీలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. రాత్రి ఎనిమిదింటికి భోంచేసి పడుకున్నారు. మీరు నిద్రపోయినా మీ మెదడు, గుండె నిద్రపోవు. వాటికి కావలసిన గ్లూకోజును రాత్రంతా కాలేయం అందిస్తూనే ఉంటుంది. పెద్దవారి కాలేయంలో నిలవ ఉండే గ్లైకోజెన్ సుమారు 100 గ్రాములు మాత్రమే. తెల్లవారేసరికి అందులో చాలా భాగం ఖర్చయిపోతుంది. ఆ స్థితిలో వీపున బరువుతో కొండ ఎక్కితే కాళ్ళు వణుకుతాయి, కళ్ళు తిరుగుతాయి. చదును నేల మీద కళ్ళు తిరిగితే కూర్చోవచ్చు. రాతి అంచు మీద తిరిగితే ప్రమాదం కాదూ? అందుకే నడకకు ముందు ఏదో ఒకటి కడుపులో పడి తీరాలి.

ఒక చిన్న లెక్క

40 మంది పిల్లలకు మనిషికి పావు లీటరు చొప్పున, రెండు ఉదయాలకు పాలు తీసుకువెళ్ళాలనుకుందాం. ఎంత కావాలి? 20 లీటర్లు. అంటే 20 కిలోలకు పైగా బరువు. పైగా మధ్యాహ్నానికే విరిగిపోతాయి. ఇప్పుడు ఆ పాలలో ఏముందో చూడండి. ఆవు పాలలో నూటికి 87 పాళ్ళు నీళ్ళే! మాంసకృత్తులు, కొవ్వు, లాక్టోజు అనే చక్కెర, లవణాలు అన్నీ కలిపి మిగతా 13 పాళ్ళు. ఆ నీటిని తీసివేస్తే మిగిలే పొడి దాదాపు రెండున్నర కిలోలు. ఇద్దరు పిల్లలు సులభంగా మోయగలరు. నీళ్ళు కొండ మీద దొరికేటప్పుడు ఊరి నుంచి నీళ్ళు మోసుకుపోవడం ఎందుకు?

ఈ లెక్క మనకంటే ముందే మంగోలు రౌతులకు తెలుసు. 13వ శతాబ్దంలో ఆసియా అంతా తిరిగిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఈ సంగతి రాశాడు. వాళ్ళు పాలు కాచి, మీది మీగడ తీసి, మిగిలినదాన్ని ఎండలో ఆరబెట్టేవారట. దండయాత్రకు పోయేటప్పుడు ఒక్కొక్కరు సుమారు పది పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోల ఎండు పాలు వెంట తీసుకునేవారు. ఉదయం అర పౌను తోలుసంచిలో వేసి నీళ్ళు పోసి గుర్రం ఎక్కేవారు. గుర్రం పరుగుకు సంచి కుదుపుతుంటే పాలు వాటంతటవే కలిసిపోయేవి! రోజుకు అర పౌను చొప్పున పది పౌన్లు ఎన్నాళ్ళు వస్తాయో మీరే లెక్కకట్టండి.

మన పిండి కూడా తక్కువది కాదు

తొలి ఏకాదశి నాడు మీ ఇంట్లో పేలపిండి తిన్నారా? జొన్న పేలాలను విసిరి బెల్లం కలిపినదే అది. బీహారులో వేయించిన సెనగలను విసిరి ‘సత్తు’ చేస్తారు. కూలికి పోయేవాళ్ళు దాన్ని నీళ్ళలో కలుపుకుని తాగి పనిలోకి దిగుతారు. టిబెట్టులో వేయించిన బార్లీ పిండిని వెన్న కలిపిన టీతో తడిపి తింటారు. దాని పేరు ‘త్సంపా’. ఊళ్ళు వేరు, గింజలు వేరు, ఉపాయం మాత్రం ఒక్కటే. ముందుగా వేయించడం, తరువాత విసరడం.

ఎందుకు వేయించాలి? పచ్చి జొన్నపిండి నీళ్ళలో కలుపుకుని తాగితే కడుపునొప్పి వస్తుంది. గింజలోని పిండిపదార్థం గట్టిగా కూరుకున్న రేణువులుగా ఉంటుంది. మన జీర్ణరసాలు వాటిలోకి తేలికగా చొరబడలేవు. వేడి, తడి తగిలితే ఆ రేణువులు ఉబ్బి విచ్చుకుంటాయి. అదే ఉడకడం. జొన్నలను మూకుడులో వేసి బాగా వేడిచేస్తే గింజలో ఉన్న కొద్దిపాటి తేమే ఆవిరిగా మారి, ఒత్తిడి పెరిగి, గింజను పటుక్కున పేల్చేస్తుంది. అంటే పేలం తన లోపలి నీటితోనే తాను ఉడికిన గింజ! అందుచేత పేలపిండిని మళ్ళీ పొయ్యి మీద పెట్టనక్కరలేదు.

మొలకెత్తిన రాగులతో చేసే మాల్టు సంగతి వేరు. గింజ మొలకెత్తేటప్పుడు అందులో ఎమైలేజ్ అనే ఎంజైము పుట్టి పిండిపదార్థాన్ని చిన్న ముక్కలుగా తుంచుతుంది. అందుకే మాల్టు జావ పలచగా ఉంటుంది, గ్లాసులో ఎక్కువ పిండి పడుతుంది. కాని దాన్ని కాచి తీరాలి. పొయ్యి ఉన్న మకాములో తాగండి, పొయ్యి లేని చోటికి తీసుకుపోవద్దు.

ఒక గ్లాసుకు కావలసినవి

నేను పిల్లలను తీసుకువెళ్ళేటప్పుడు మనిషికి ఒక పూటకు ఈ లెక్కన పొట్లాలు కట్టిస్తాను.

పుట్నాల పప్పు పిండి 30 గ్రాములు: సుమారు 110 కెలోరీలు, 6.5 గ్రాముల మాంసకృత్తులు.
జొన్న పేలాల పిండి 20 గ్రాములు: 70 కెలోరీలు, 2 గ్రాములు.
వేయించిన వేరుసెనగ పొడి 15 గ్రాములు: 85 కెలోరీలు, 4 గ్రాములు.
వెన్న తీయని పాలపొడి 25 గ్రాములు: 125 కెలోరీలు, 6.5 గ్రాములు.
బెల్లం పొడి 20 గ్రాములు: 75 కెలోరీలు.

మొత్తం బరువు 110 గ్రాములు. శక్తి సుమారు 465 కెలోరీలు. మాంసకృత్తులు 19 గ్రాములు. మీ వయసు పిల్లలకు రోజుకు సుమారు 45 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక్క గ్లాసులో మూడో వంతుకు పైగా వచ్చేశాయి, చూశారా!

జొన్నను, పప్పును కలపడంలో ఇంకొక రహస్యం ఉంది. మాంసకృత్తులు ఎమైనో ఆమ్లాలనే ఇటుకలతో కట్టిన గోడల వంటివి. జొన్నలో లైసిన్ అనే ఇటుక తక్కువ. సెనగలో అది పుష్కలం. సెనగలో మెథియొనిన్ తక్కువ, ఆ లోటును జొన్న పూడుస్తుంది. ఒకరి లేమిని ఇంకొకరు తీర్చుకునే స్నేహితులన్నమాట!

బెల్లం గాలిలోని తేమను పీల్చి ముద్ద కడుతుంది. అందుకని దాన్ని విడిగా కట్టండి. వేరుసెనగలోని నూనెకు గాలి తగిలి కొన్నాళ్ళకు ముక్కిపోయిన వాసన వస్తుంది. కనుక ప్రయాణానికి ముందురోజే పొడి కొట్టండి. పాలు గాని, వేరుసెనగ గాని పడనివాళ్ళు అవి మానేసి పుట్నాల పిండి ఎక్కువ వేసుకోవాలి. ఎవరికి ఏది పడదో బయలుదేరకముందే మీ మాస్టారికి చెప్పండి.

ఉండలు ఎందుకు కడతాయి?

గ్లాసులో పిండి వేసి పైనుంచి నీళ్ళు పోస్తే ఉండలు కడతాయి. పిడికెడు పిండి మీద నీళ్ళు పడగానే పై పొర తడిసి, ఉబ్బి, జిగురుగా మారుతుంది. ఆ జిగురు గోడ దాటి నీరు లోపలికి పోలేదు. ఉండను చిదిమి చూడండి, లోపల పొడి పిండి అలాగే ఉంటుంది. వేడినీళ్ళు పోస్తే గోడ ఇంకా త్వరగా లేస్తుంది.

ఉపాయం సులువు. ముందు రెండు మూడు చెంచాల నీళ్ళే పోసి ముద్దలా మెదపండి. గరిట రాపిడికి ఉండలు చితికిపోతాయి. తరువాత కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తూ పలచన చెయ్యండి. మూత ఉన్న సీసా అయితే ముందు సగం నీళ్ళు, తరువాత పిండి, మూత బిగించి ఊపడం, చివరకు మిగతా నీళ్ళు. పిండి ముందు వేస్తే అడుగున అంటుకుని కదలదు. మొత్తం నీళ్ళు 300 మిల్లీలీటర్ల దాకా పట్టవచ్చు.

నేను చేసిన తప్పు

ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా చదవండి. చాలా ఏళ్ళ క్రితం 32 మంది పిల్లలను నల్లమలలో ఒక కొండకు తీసుకువెళ్ళాను. పొట్లాలు చక్కగా కట్టించాను. వాగు నీళ్ళు శుభ్రం చెయ్యడానికి క్లోరిన్ బిళ్ళలు పంచాను. “బిళ్ళ వేసుకోకుండా తాగవద్దు” అని గట్టిగా చెప్పాను. కాని ఎప్పుడు వెయ్యాలో చెప్పలేదు.

రెండవనాడు ఉదయం కొందరు తొందరపడి వాగు నీళ్ళలో పిండి కలిపేశారు. అప్పుడు నా మాట గుర్తుకు వచ్చింది. బిళ్ళ తీసి ఆ పాలలోనే వేసి తాగేశారు. మాట విన్న పిల్లలే, అల్లరి పిల్లలు కారు. రాత్రికి అయిదుగురికి విరేచనాలు పట్టుకున్నాయి.

ఏం జరిగింది? క్లోరిన్‌కు సూక్ష్మజీవి, పాలపొడి అనే భేదం తెలియదు. ఎదురుపడిన సేంద్రియ పదార్థంతోనల్లా చర్య జరుపుతుంది. గ్లాసు నిండా పాల మాంసకృత్తులు, పిండి ఉన్నాయి. క్లోరిన్ అంతా వాటి మీదే ఖర్చయిపోయింది. సూక్ష్మజీవులు క్షేమంగా కడుపులోకి చేరాయి. రసాయనశాస్త్రం పాఠం చెప్పే నేను ఆ మాట ముందుగా ఆలోచించకపోవడం నా తప్పు.

ఆ రాత్రి మమ్మల్ని ఆదుకున్నది కూడా ఒక పొడే! అదే ఓ.ఆర్.ఎస్. గ్లూకోజు, ఉప్పు, మరి రెండు లవణాలు కలిసిన పొట్లం. పేగు గోడలో గ్లూకోజు, సోడియం చేయి చేయి పట్టుకుని లోపలికి పోతాయి, వాటి వెంట నీరు పోతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, లవణాల పొడిని తాగునీటిలో కలిపి ఇప్పించి ఎంతోమంది ప్రాణాలు కాపాడారు. మా దగ్గర మరిగించి చల్లార్చి తెచ్చిన నీళ్ళు రెండు సీసాలు మిగిలి ఉన్నాయి. వాటిలో కలిపి గుక్కగుక్కగా తాగించి, తెల్లవారగానే కొండ దిగి ఆసుపత్రికి చేర్చాం. అందరూ కోలుకున్నారు. శిఖరం మాత్రం ఆ ఏడు మాకు దక్కలేదు.

కనుక వరుస గుర్తుంచుకోండి. ముందు నీటిని గుడ్డలో వడకట్టాలి. పొయ్యి ఉంటే తెర్లేలా ఒక నిమిషం మరిగించాలి, బాగా ఎత్తయిన పర్వతాల మీదనయితే మూడు నిమిషాలు. అన్నిటిలోకి ఇదే మేలు, ఎందుకంటే బిళ్ళకు లొంగని సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. పొయ్యి లేకపోతే అట్టమీద రాసిన మోతాదులో బిళ్ళ వేసి అరగంట ఆగాలి. ఆ తరువాతే పిండి!

కలిపింది దాచవద్దు

పొట్లంలో రెండు వారాలున్నా చెడని పిండి, తడిపాక రెండు గంటల్లోనే ఎందుకు చెడుతుంది? పొడి పిండిలో సూక్ష్మజీవులు లేకపోలేదు. నీరు అందక ఊరికే పడి ఉంటాయి. నీళ్ళు పోసిన మరుక్షణం వాటికి విందు మొదలు. అనుకూలమైన వెచ్చదనంలో ఒక బాక్టీరియా సుమారు 20 నిమిషాలకు రెండవుతుంది. రెండు గంటల్లో 64. ఆరు గంటల్లో 2,62,144! అందుకే కలిపిన వెంటనే తాగండి. మిగిలితే మధ్యాహ్నానికి దాచకండి. సీసాను వెంటనే శుభ్రమైన నీటితో కడగండి.

ఈ పానీయంలో విటమిన్ సి దాదాపు లేదు. నిమ్మకాయలు వెంట తీసుకుపోండి. కాని పాలపొడి కలిపిన దానిలో పిండవద్దు. నిమ్మ పులుపుకు పాలలోని కేసిన్ విరిగి ముద్దలవుతుంది. నిమ్మరసం వేరే నీళ్ళలో తాగండి. సెనగ, జొన్నలలోని ఇనుము వంటికి పట్టడానికి కూడా అది తోడ్పడుతుంది.

మీరు చేసి చూడండి

రెండు గ్లాసులు తీసుకోండి. రెండింటిలో రెండేసి చెంచాల పుట్నాల పిండి వెయ్యండి. మొదటిదానిలో గ్లాసెడు నీళ్ళు ఒక్కసారిగా పొయ్యండి. రెండవదానిలో ముద్ద చేసి పలచన చెయ్యండి. రెండింటినీ టీ వడపోతలో వంపి, మిగిలిన ఉండలను లెక్కపెట్టండి. తరువాత వేడినీళ్ళతో మళ్ళీ చెయ్యండి. ఫలితాలు నోటుబుక్కులో రాసుకోండి.

ఈసారి మీ దళం కొండకు బయలుదేరేటప్పుడు పొట్లాలు కట్టే పని మీరు తీసుకోండి. ప్రతి పొట్లం మీద పెద్ద అక్షరాలతో ఇలా రాయండి: “ముందు నీరు శుభ్రం, తరువాత పిండి.” ఆనాడు నేను రాయని మాట అదే. ఖాళీ పొట్లాలు అడవిలో పారవెయ్యకుండా ఇంటికి తెచ్చుకోవడం మరిచిపోకండేం!